వెదురు సీల, ఇనుప మర

చేతితో చేసిన కత్తుల్లో ఎక్కువ భాగం లోపలి సంగతి బయటపెట్టవు. పిడిని జిగురుతో అతికిస్తారు, రివెట్లు దిగగొడతారు, ఆపైన నునుపు చేస్తారు. అలుగు తోక పిడిలోకి ఎంత లోతు దిగింది, బెజ్జం పెద్దదైతే దేనితో పూడ్చారు, లోపల తడి చేరి తుప్పు పడుతోందా అన్నవి చేసినవాడికి తప్ప ఇంకొకరికి తెలియవు. ఇంగ్లీషులో టేక్‌డౌన్ నైఫ్ అనే విప్పదీసే కత్తికి ఈ చాటు లేదు. అలుగు, గార్డు, పిడి, చివరి బిళ్ల దేనికది ఊడి వస్తాయి. జిగురు లేకుండా మళ్లీ కూడతాయి. కూడాక చేతిలో ఇసుమంత కూడా కదలకూడదు.

ఈ పని మొదటిసారి తలపెట్టినవాళ్లకు ముందుగా రెండు నమూనాలు ఎదురవుతాయి. ఒకటి జపాన్ కత్తిది. పిడిని, అందులోని తోకను కలిపి అడ్డంగా పట్టుకునే చిన్న వెదురు సీల దానికి ఆధారం. రెండోది అమెరికా చేతిపనివాళ్లు గత యాభై ఏళ్లుగా మెరుగుపరుస్తూ వచ్చిన పద్ధతి. అందులో తోక చివర మరలు కోసి నట్టు బిగిస్తారు. రెండూ విప్పదీసేవే కాబట్టి వాటిని ఒకే పనికి రెండు ఉపాయాలుగా చూడడం మామూలే. నేను అలా చూడలేను. సీల చేసే పని, అప్పటికే అమరిన రెండు వస్తువులు జారిపోకుండా చూడడం. మర చేసే పని, అమరినా అమరకపోయినా రెండింటినీ దగ్గరికి లాగడం. మొదటి కత్తి చేస్తూ మనిషి ఏమి నేర్చుకుంటాడన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

జపాన్ కత్తిని విప్పే క్రమమే ఇందుకు మొదటి సాక్ష్యం. మెకుగి అనే సీల ఒక కొస లావుగా, రెండో కొస సన్నగా ఉంటుంది. సన్న కొస మీద చిన్న ఇత్తడి సుత్తితో తట్టి దాన్ని బయటికి తీస్తారు. తర్వాత కత్తిని ఏటవాలుగా నిలబెట్టి, పిడి పట్టుకున్న చేతి మణికట్టును రెండో చేతి పిడికిలితో కొడతారు. ఒక్కో దెబ్బకు తోక పిడిలోంచి కాస్త కాస్త పైకి లేస్తుంది. పిడి వచ్చేశాక సెప్పా అనే పలుచని రేకు, త్సుబా అనే గార్డు, ఇంకో సెప్పా, చివరగా అలుగు మెడకు తొడిగిన హబాకి అనే లోహపు పట్టీ వరసగా జారి వస్తాయి. ఇందులో గమనించాల్సింది మణికట్టు మీద పడే దెబ్బ. సీల తీసేసినా అలుగు తనంతట ఊడి పడలేదు. దాన్ని పట్టి ఉంచింది వెదురు ముక్క కాదు, చెక్కలో చెక్కిన గాడి.

ఆ గాడి చెక్కడమే ఈ విద్యలో అసలు కష్టం. పిడికి హోనోకి అనే మాగ్నోలియా జాతి చెక్క వాడతారు. అది మెత్తన, ఉలికి తేలిగ్గా లొంగుతుంది, ఉక్కుకు తుప్పు పట్టించదు. ఒక ముక్కను పొడుగునా రెండుగా కోసి, ఒక్కో సగంలో తోక ఆకారాన్ని ఉలితో తొలిచి, రెండు సగాలనూ అన్నం మెదిపి చేసిన జిగురుతో అతికిస్తారు. అన్నం జిగురు ఎందుకు? అవసరమైనప్పుడు ఆ అతుకు మళ్లీ విడదీయడానికి. కత్తి ఒరలనూ ఇలాగే అతికిస్తారు. లోపల తుప్పో, ధూళో చేరితే ఒరను రెండుగా చీల్చి శుభ్రం చేసి తిరిగి అతికించవచ్చు. అలుగును పిడినుంచి విప్పడం ఒకటే కాదు, పిడి తనలో తానే విడిపోయేలా కూడా ముందే ఆలోచించారు. పిడికి బలం జిగురునుంచి రాదు. పైన చుట్టే తిరండి చేప తోలు, దాని మీద బిగించి అల్లే తాడు రెండు సగాలనూ కట్టిపడేస్తాయి.

తోక కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి పిడిలోకి నెట్టేకొద్దీ మేకు దిగినట్టు బిగుస్తుంది. గాడి ఒకచోట వదులైతే అక్కడ అలుగు ఆడుతుంది. ఒకచోట బిగువెక్కువైతే చెక్క చీలుతుంది. దీనికి సర్దుబాటు లేదు, తిప్పి బిగించడానికి నట్టు లేదు. సీల కోసం ఎండి ముదిరిన వెదురు ఎంచుకోవడంలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. వెదురు నార పొడుగునా దట్టంగా ఉంటుంది. దెబ్బ తగిలితే నలుగుతుందే కానీ ఒక్కసారిగా ఫట్టున విరగదు. ఇనుప సీల పెడితే అది మెత్తటి చెక్కను, తోకలోని బెజ్జాన్ని తినేస్తుంది. అరిగేది, మార్చుకోగలిగేది సీలే కావాలి, దానికన్నా విలువైనవి నిలవాలి అన్న లెక్క ఈ ఎంపికలో ఉంది.

ఇప్పుడు అమెరికా వైపు. కత్తుల కమ్మరి బిల్ మోరన్ 1973లో కాన్సస్ సిటీలో జరిగిన నైఫ్‌మేకర్స్ గిల్డ్ ప్రదర్శనలో తాను కొలిమిలో పొరలు అతికి చేసిన డమాస్కస్ కత్తులు పెట్టాడు. 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఏర్పడింది. ఆ సంస్థ పరీక్ష పేరుపొందినది. అభ్యర్థి చేసిన కత్తి వేలాడదీసిన అంగుళం మందపు తాడును ఒక్క వేటుకు తెగ్గొట్టాలి, ఇళ్ల కట్టుబడిలో వాడే కలపను రెండుసార్లు నరకాలి, అంత పనీ అయ్యాక కూడా చేతి వెంట్రుకలు గొరగాలి, చివరికి పట్టులో బిగించి వంచితే 90 డిగ్రీలు విరగకుండా వంగాలి. పై మెట్టు పరీక్షకు కనీసం 300 పొరల డమాస్కస్ అలుగు కావాలి. ఈ పరీక్షల్లో ఎక్కడా కత్తిని విప్పి చూపమని అడగరు. అయినా ఈ సమాజంలో విప్పదీసే కత్తికి గౌరవం ఎందుకు పెరిగిందో ఊహించడం కష్టం కాదు. వాళ్లలో ఒక్క మనిషే అలుగు కాస్తాడు, గార్డు రాస్తాడు, పిడి చెక్కుతాడు, ఒర కుడతాడు. అన్నీ తానే చేశానని చూపడానికి భాగాలను విడదీసి బల్ల మీద పరచడంకన్నా మంచి దారి లేదు.

పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి కత్తికి చాలామంది 1084 ఉక్కు తీసుకుంటారు. కర్బనం 0.84 శాతం దగ్గర ఉంటుంది, ఎరుపు కాక మీద నూనెలో ముంచితే నమ్మకంగా గట్టిపడుతుంది. అలుగుకు పదును పెట్టినా తోకను మెత్తగానే ఉంచాలి, లేకపోతే మరలు కోసే పనిముట్టు దాన్ని తాకలేదు, తాకినా దెబ్బకు తోక పుటుక్కున విరుగుతుంది. కొందరు తోక చివర మెత్తటి ఇనుప మరచువ్వను అతుకుతారు. అలుగు, తోక కలిసే చోట ఉండే రెండు భుజాలనూ గట్టి ఉక్కు పట్టీల మధ్య బిగించి ఆకురాయితో సమానంగా రాస్తారు. ఆ మూల మాత్రం చదరంగా ఉండకూడదు, కొంచెం గుండ్రంగా ఉండాలి. చదరపు మూల ఉంటే వంగే బలమంతా అక్కడే కూడి పగులు మొదలవుతుంది. గార్డు బెజ్జాన్ని తోకకన్నా వెంట్రుకవాసి చిన్నదిగా ఉంచి, రాస్తూ రాస్తూ భుజాల దాకా బిగువుగా ఎక్కిస్తారు. గార్డుకూ పిడికీ మధ్య సన్నని పిన్నులు పెడితే పిడి తిరగదు. చివర నట్టు బిగిస్తే అలుగు భుజాలనుంచి పిడి మడమ దాకా అంతా ఒకే కట్టుగా నొక్కుకుంటుంది.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టేది పిడి లోపలి బెజ్జం. పిడి చెక్కను రెండుగా కోయకుండా డ్రిల్లుతో తొలిచినప్పుడు, తోకకన్నా బెజ్జం పెద్దదిగానే వస్తుంది. తోక లోపల గాలిలో తేలుతూ ఉంటుంది. అయినా నట్టు బిగించగానే కత్తి గట్టిగానే తోస్తుంది. బయటి అతుకులన్నీ మూసుకుంటాయి. కొత్తగా చేసినవాడు దాన్ని చూసి పని కుదిరిందనుకుంటాడు. పక్కనుంచి బలమైన దెబ్బ పడినప్పుడు మాత్రం తోకకు ఆసరా ఇచ్చేది గార్డు అంచూ, వెనక నట్టూ తప్ప మధ్యలో ఏమీ లేదు. మరల గాడిలో ఉక్కు మందం ఎలాగూ తక్కువ, భారం పోయి అక్కడ పడుతుంది.

మంచి పనివాళ్లకు ఇది తెలుసు. అందుకే వాళ్లు తోకకు మైనం లాంటి అంటుకోని పదార్థం పూసి, బెజ్జంలో ఎపాక్సీ పోసి, తోకను దించి ఉంచుతారు. గట్టిపడ్డాక తోకను బయటికి లాగితే లోపల దాని అచ్చు మిగులుతుంది. జపాన్ పనివాడు ఉలితో తీసిన ఆకారాన్నే ఇక్కడ పోతపోసి తెస్తున్నారు. ఫలితం గట్టిది, దాన్ని తక్కువ చేయను. కానీ రెండు పనుల్లో చెయ్యి నేర్చుకునేది వేరు. ఉలి పట్టినవాడు ఎత్తు ఎక్కడుందో వెతికి అంతమేరకే తీయాలి. ఎపాక్సీ పోసినవాడికి ఆ వెతుకులాట అవసరం రాదు, పదార్థమే ఖాళీని వెతుక్కుని నింపుతుంది.

ఈ పోత పద్ధతి అమెరికావాళ్లతో మొదలైనది కాదు. దక్కన్‌తో సహా మన దేశమంతటా వాడిన తల్వారు పిడి ఇనుముతో చేసిన డొల్ల. దాని నిండా లక్కతో చేసిన మిశ్రమం కరిగించి పోసి, వేడి మీదుండగానే తోకను దించేవారు. చల్లారితే బండలా పట్టుకుంటుంది, వేడిచేస్తే మళ్లీ వదిలేస్తుంది. పాత అలుగుకు కొత్త పిడి, పాత పిడికి కొత్త అలుగు మార్చుకున్న తల్వారులు అందుకే అంతగా కనిపిస్తాయి. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడికి వచ్చేవారని హెన్రీ వాయిసీ రాశాడు, 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. అంత పేరున్న ఉక్కుతో చేసిన అలుగులను కూడా పిడిలో నిలిపింది లక్కే. సీల, మరల పోటీలో ఈ మూడో దారిని మరిచిపోవడం అన్యాయం. విప్పాలంటే నిప్పు కావాలి, అదొక్కటే దాని లోపం. రోజూ విప్పి శుభ్రం చేసుకునే కత్తికి అది పనికిరాదు.

కాలం గడిచేకొద్దీ ఏది నిలుస్తుందన్న ప్రశ్నలో నేను మర పక్షాన కొంత దూరం నడుస్తాను. చెక్క నార పొడుగునా దాదాపు కుదించుకోదు, పచ్చి స్థితినుంచి పూర్తిగా ఎండేసరికి 0.1నుంచి 0.2 శాతం తగ్గుతుందంతే. అడ్డంగా మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ తగ్గుతుంది. నట్టు బిగింపు పిడి పొడుగు వెంట పనిచేస్తుంది కాబట్టి వానకాలం, ఎండాకాలం మారినా పెద్దగా సడలదు, సడలినా పావు మలుపు తిప్పితే సరిపోతుంది. సీల పిడికి ఆ సౌకర్యం లేదు. చెక్క అడ్డంగా కదిలినప్పుడు గాడి పట్టు మారుతుంది, వదులైతే పలుచని చెక్క పొర అతికి సరిచేయాలి, మరీ చెడితే పిడినే మార్చాలి. మర పిడికి ఇంకో తంటా ఉంది. అడ్డంగా కుదించుకున్న చెక్క గార్డు అంచుకన్నా లోపలికి పోతుంది, వేలితో తడిమితే లోహపు మెట్టు తగులుతుంది. చెక్కలోకి రెసిన్ ఎక్కించి స్థిరపరిచే అలవాటు అమెరికాలో బలపడడానికి ఇదొక కారణం.

మరకు ఇంకో బలం, అది ఎక్కడ చేసినా ఒకేలా ఉండగలగడం. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒకే కొలత ప్రతిపాదించాక ఒక ఊరి నట్టు ఇంకో ఊరి బోల్టుకు ఎక్కడం మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో విల్కిన్‌సన్ కంపెనీ చేసిన ఫెయిర్‌బెర్న్-సైక్స్ బాకు పిడిని తోక చివరి నట్టే పట్టి ఉంచింది. కార్ఖానాలో వేలకొద్దీ చేయాల్సిన వస్తువుకు ఒక్కో పిడిలో గాడి తొలిచే తీరిక ఉండదు. చేతిపని కత్తికి మాత్రం ఈ లాభం సగమే అందుతుంది. చెక్కిన అందమైన నట్టు ఆ ఒక్క కత్తి కోసమే చేసింది. దాని మరలు చెడితే పోయి కొత్తది కొనలేరు. వెదురు సీల పోతే చాకు, వెదురు ముక్క ఉన్న ఎవరైనా కాసేపట్లో ఇంకొకటి చెక్కుకోవచ్చు.

సంతకం విషయానికి వస్తే రెండు సంప్రదాయాల మనసులూ బాగా బయటపడతాయి. అమెరికన్ పనివాడు తన పేరును, పరీక్ష నెగ్గి ఉంటే ఆ హోదా అక్షరాలను, అలుగు మెడ మీద అందరికీ కనిపించేలా ముద్ర వేస్తాడు. జపాన్ కమ్మరి తోక మీద ఉలితో పేరు చెక్కుతాడు, చాలాసార్లు ఊరూ తేదీ కూడా. పిడి తొడిగాక అది కనిపించదు. కత్తిని విప్పినవాడికి మాత్రమే కమ్మరి ఎవరో తెలుస్తుంది. ఆ తోక మీద పట్టిన తుప్పును ఎప్పుడూ తుడవరు, ఆ తుప్పు రంగే కత్తి వయసుకు ఒక ఆధారం. అలుగును అద్దంలా సానపట్టే మనుషులే తోకను ముట్టుకోకుండా వదిలేయడం చూస్తే, విప్పదీయడం వాళ్లకు శుభ్రం చేసుకునే సౌకర్యం ఒకటే కాదని అర్థమవుతుంది. తోక వాళ్లకు దస్తావేజు. నడుముకు దోపుకునే అలవాటు పెరిగాక, ముఖ్యంగా 16వ శతాబ్దిలో, పాత పొడవాటి కత్తులను తోక వైపునుంచి కోసి పొట్టిచేశారు. కోసినప్పుడు సంతకం పోయే ప్రమాదం ఉంటే, ఆ ముక్కను కొత్త తోక మీదికి మడిచిన సందర్భాలు, విడిగా కోసి పలకలా పొదిగిన సందర్భాలు ఉన్నాయి. పేరు పోయిన అలుగులకు తర్వాత కాలంలో హోన్‌అమి వంశపు నిపుణులు తమ నిర్ణయాన్ని తోక మీద బంగారంతో పొదిగించారు. జిగురుతో శాశ్వతంగా అతికిన కత్తి అయితే ఈ చరిత్రలో ఒక్క అక్షరమూ మిగిలేది కాదు.

ఇలా విడిపోగలగడం నష్టమూ తెచ్చింది. 1876లో జపాన్ ప్రభుత్వం బహిరంగంగా కత్తులు ధరించడాన్ని నిషేధించాక అలుగులు ఒకవైపు, త్సుబాలు ఇంకోవైపు అమ్ముడుపోయాయి. ఐరోపా, అమెరికా మ్యూజియంలలో వరసగా పేర్చిన ఆ గార్డులు ఒకప్పుడు ఏయే అలుగుల మీద ఉన్నాయో ఇక చెప్పలేం. దీనికి విరుగుడు కూడా ఆ సంప్రదాయంలోనే ఉంది. అలుగును సాదా చెక్క ఒరలో భద్రపరిచినప్పుడు, అలంకారాల పిడినీ ఒరనూ కలిపి ఉంచడానికి త్సునాగి అనే చెక్క అలుగు చేసి అందులో పెడతారు. దానికీ ఒక తోక, ఆ తోకకూ ఒక సీల బెజ్జం. ఈ చెక్క అలుగు నాకు ఎంతో ఇష్టమైన వస్తువు. విడదీసినవాడికి, విడిపోయిన భాగాలను ఒకచోట ఉంచే బాధ్యత కూడా ఉందని అది ఒప్పుకుంటుంది.

జపాన్ పద్ధతిని మెచ్చుకునేటప్పుడు ఒక మాట దాచకూడదు. అక్కడ ఒకే మనిషి అంతా చేయడు. కమ్మరి అలుగు చేసి తోక మీద సంతకం పెడతాడు, సానపట్టేవాడు వేరు, హబాకి చేసేవాడు వేరు, ఒర చెక్కేవాడు, పిడి తాడు అల్లేవాడు వేరు. ఈనాటికీ కమ్మరికి లైసెన్సు రావాలంటే గురువు దగ్గర కనీసం ఐదేళ్లు ఉండాలి. కాబట్టి సీల పిడిని మొదటి ప్రయత్నంలోనే ఒంటరిగా చేయబోయేవాడు నిజానికి అయిదారు వృత్తులను ఒక్కడే నెత్తికెత్తుకుంటున్నాడు. అమెరికా పద్ధతి మొదటినుంచీ ఒంటరి మనిషి కోసం తయారైంది. అతడి చేతిలో ఉన్న డ్రిల్లు, ఆకురాయి, మరలు కోసే పనిముట్టు చాలు. ఈ న్యాయమైన తేడాను పక్కనపెట్టి ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనడం నాకు ఇష్టం లేదు.

అయినా మొదటి కత్తికి ఏది అని ఎవరైనా అడిగితే సీలనే చూపిస్తాను, పూర్తి జపాన్ అలంకారం లేకుండా. గార్డు వద్దు, తాడు అల్లిక వద్దు. నాలుగైదు అంగుళాల పనికత్తి అలుగు, కొసకు సన్నబడే తోక, రెండు సగాల సాదా చెక్క పిడి, నోటి దగ్గర చెక్క చీలకుండా ఒక ఇత్తడి పొన్ను. అంతే. తోకలో బెజ్జం ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే, అంటే పదును పెట్టకముందే వేసుకోవాలి. గాడి తొలిచేటప్పుడు తోకకు దీపపు మసి నూనెలో కలిపి పలుచగా పూసి, చెక్క సగం మీద నొక్కి తీయాలి. నల్లగా అంటిన చోట ఎత్తుంది, అక్కడ మాత్రమే ఉలి పెట్టాలి. మొదట్లో రెండు మూడు చుక్కలే అంటుతాయి. తీసేకొద్దీ మచ్చలు పెరిగి, తోక అంతటా పలుచగా పరుచుకున్నప్పుడు ఆపాలి. నట్టు పద్ధతిలో మొదలుపెట్టినవాడికి ఈ మసి పరీక్ష ఎదురే కాదు, నట్టు తిరిగి బిగిసిందంటే చాలనిపిస్తుంది.

ఇక్కడ తొందరపడేవాళ్లు చేసే పని చెక్కలో సీల బెజ్జం ముందే వేసేయడం. రెండు సగాలనూ అన్నం జిగురుతో అతికి, తోకను చేతితో నెట్టి, పిడిని పట్టుకుని అలుగును కిందికి వేలాడదీసి గట్టిగా కుదపాలి. పదును మీద మందపాటి తోలు కట్టి మరీ కుదపాలి. సీల లేకుండానే అలుగు నిలిచిందా, అప్పుడు తోకలోని బెజ్జం గుర్తు చూసుకుని చెక్కకు బెజ్జం వేయవచ్చు. నిలవకపోతే సగాలను వేడినీటి ఆవిరితో విడదీసి మళ్లీ మసి పూయాలి, అన్నం జిగురు వాడమన్నది అందుకే. అలా ఒక పిడి కుదిరినవాడు రెండో కత్తి తోకకు మరలు కోసి నట్టు పెట్టుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. గార్డు వెనక తోకకు ఆసరా కావాలని అతడికి అప్పటికే తెలుసు, నట్టును ఎంత బిగించాలో కూడా తెలుస్తుంది.